పచ్చపార్టీ కాదండీ, ఆకుపచ్చ పార్టీ!

"ఈసారి గ్రీన్ పార్టీ గురించి రాద్దామనుకుంటున్నా" అన్నాను మా ఎదురింటావిడతో.

"అందులో రాసేదానికి ఏముందక్కా? మనూళ్ళో పచ్చపార్టీ ఎప్పుడూ గెలుస్తానే ఉంది గదా!" అంది చేటలో బియ్యం చెరుగుతూ.

నవ్వాగలేదు. తప్పు ఆవిడది కాదు, మన తెలుగుది. పసుపూ మనకి పచ్చే, ఆకూ పచ్చే! హిందూపురంలో పచ్చజెండా అంటే తెలుగుదేశం. 1983 నుంచి ఈ అసెంబ్లీ సీటు ఆ పార్టీ చేయి దాటలేదు. 1985, 1989, 1994 – మూడుసార్లు ఎన్టీ రామారావుగారే ఇక్కణ్ణుంచి నిలబడి గెలిచారు. అలాంటి ఊళ్ళో పచ్చపార్టీ అంటే ఇంకేం తోస్తుంది?

నేను చెప్పబోయేది ఆకుపచ్చ పార్టీ గురించి. నీళ్ళు, గాలి, నేల, అడవి – వీటినే ముందు పెట్టుకుని ఓట్లడిగే పార్టీలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాళ్ళ పార్లమెంటుల్లో సీట్లూ ఉన్నాయి. మన లోక్‌సభలో 543 సీట్లున్నా, అలాంటి పార్టీకి ఒక్కటంటే ఒక్కటి లేదు. 'ఇండియా గ్రీన్స్' పేరుతో 2018లో ఒక పార్టీ పుట్టింది గానీ పార్లమెంటు గడప తొక్కలేదు.

"లేకపోతే ఏం? పర్యావరణానికి మంత్రి ఉన్నాడు, కాలుష్యానికి బోర్డు ఉంది. మళ్ళీ దానికో పార్టీ ఎందుకు?" అంటారా? నాకూ వచ్చిన సందేహమే అది. ఆ సందేహాన్ని సంచీలో వేసుకుని మా లోక్‌సభ నియోజకవర్గంలోనే మూడూళ్ళు తిరిగొచ్చాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఎక్కడికెళ్ళినా మాట చివరికి ఢిల్లీకే చేరుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. ఆ ఊళ్ళ సంగతి చెప్పే ముందు, అసలీ పార్టీలు ఏం చేస్తాయో కొంచెం చూద్దాం.

పూలకుండీలతో సభలోకి...

1983 మార్చి. పశ్చిమ జర్మనీ పార్లమెంటు. కోట్లూ టైలూ కట్టుకున్న పెద్దమనుషుల మధ్యకి స్వెట్టర్లు, జీన్సు ప్యాంట్లతో ఓ గుంపు వచ్చింది. చేతుల్లో పూలకుండీలు, ఆమ్లవర్షాలకు మాడిపోయిన చెట్టుకొమ్మలు! 5.6 శాతం ఓట్లతో 27 సీట్లు గెలుచుకున్న గ్రీన్ పార్టీ వాళ్ళు వీళ్ళు. ముందువరసలో కనిపించిన మనిషి పెట్రా కెల్లీ అనే ఆవిడ. అప్పటికి ఆమెకి ముప్ఫై అయిదేళ్ళు.

అదే ఏడాది మే నెలలో వాల్‌ట్రాడ్ షోపె అనే సభ్యురాలు లేచి, పెళ్ళయినంత మాత్రాన భార్య మీద బలాత్కారం బలాత్కారం కాకుండా పోతుందా అని సభలో నిలదీసింది. సభలో మగవాళ్ళు పగలబడి నవ్వారట. ఆ దేశంలో అది నేరమని చట్టమయ్యేసరికి 1997 వచ్చింది. నవ్విన నాపచేనే పండింది, పద్నాలుగేళ్ళు పట్టినా. (మన దగ్గర 2023లో కొత్తగా రాసుకున్న న్యాయసంహితలో కూడా భర్తకి ఆ మినహాయింపు అలాగే ఉంది. అది వేరే వ్యాసం.)

1984లో ఆ పార్టీ సభాపక్ష నాయకత్వం మొత్తం ఆరుగురు ఆడవాళ్ళ చేతికిచ్చారు. తర్వాత అభ్యర్థుల జాబితాలో ఒకటి, మూడు, అయిదు... ఇలా బేసి స్థానాలన్నీ స్త్రీలకేనని రూలు పెట్టుకున్నారు. పర్యావరణం పార్టీకి ఆడవాళ్ళ సంగతెందుకు అంటారేమో. నీళ్ళు లేకపోతే బిందె ఎవరి చంకనెక్కుతుందో చూస్తే తెలుస్తుంది.

సరే, 27 మందితో ఏం సాధించారు? సొంతంగా చట్టం చేయడానికి ఆ బలం చాలదు. వాళ్ళు చేసింది ముఖ్యంగా అడగడం. ఫలానా ఫ్యాక్టరీ నదిలోకి ఏం వదుల్తోంది? ఫలానా అణువిద్యుత్ కేంద్రం చెత్త ఎక్కడ పెడుతున్నారు? ప్రభుత్వం లిఖితపూర్వకంగా జవాబు చెప్పాల్సి వచ్చేది. మర్నాడు పేపర్లో పడేది. దాంతో పెద్ద పార్టీలకి గుబులు పట్టుకుంది – ఈ సంగతులు మనం మాట్లాడకపోతే మన ఓట్లు వీళ్ళకి పోతాయేమోనని. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణుప్రమాదం జరిగితే, జూన్ నాటికి ఆ దేశంలో పర్యావరణానికి ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. పెట్టింది గ్రీన్ పార్టీ కాదు, వాళ్ళంటే పడని కోల్ గారి ప్రభుత్వం!

వంట ఒకరు చేసినా, ఉప్పు చూసే మనిషి ఇంకొకరుండాలంటుంది మా అత్తగారు. ఇదీ అలాంటిదే అనిపించింది నాకు.

ఉప్పు చూసే మనిషే గరిటె పట్టుకుంటే? అదీ జరిగింది. 1998లో ఆ పార్టీ ప్రభుత్వంలో భాగస్వామి అయింది. అణువిద్యుత్తుని క్రమంగా ఆపాలన్న చట్టం తెచ్చింది. చివరి మూడు కేంద్రాలు 2023 ఏప్రిల్ 15న మూతపడ్డాయి. కానీ శాంతి శాంతి అంటూ వచ్చిన పార్టీయే 1999లో కొసోవో యుద్ధానికి సరేనంది. 2022లో గ్యాస్ కరువొచ్చినప్పుడు బొగ్గు కేంద్రాలు మళ్ళీ వెలిగించింది కూడా ఆ పార్టీ మంత్రి ఉన్న ప్రభుత్వమే. 2025 ఎన్నికల తర్వాత ప్రభుత్వంలోంచి బయటికొచ్చి 85 సీట్లతో ప్రతిపక్షంలో కూర్చుంది. కుర్చీ ఎక్కాక మెత్తబడని పార్టీ ఏ దేశంలోనూ ఉండదేమో! నన్నడిగితే వాళ్ళ అసలు గొప్పంతా కుర్చీకి బయట ఉన్నప్పటిదే.

ఒక్కరే ఉన్నా పని జరుగుతుందనడానికి ఇంగ్లండులో కరోలైన్ లూకస్ ఉన్నారు. 2010 నుంచి 2024 దాకా బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో గ్రీన్ పార్టీకి ఆవిడ ఒక్కతే. 2013లో పత్రికల్లో ఆడవాళ్ళ అర్ధనగ్న చిత్రాల మీద చర్చ జరుగుతుంటే, ఆ బొమ్మలు వద్దని రాసున్న టీషర్టు వేసుకునే వెళ్ళింది. అధ్యక్షస్థానంలో ఉన్నాయన "దుస్తులు పద్ధతిగా లేవు, పైన కోటు వేసుకోండి" అన్నాడు. పద్ధతిగా లేనిది టీషర్టా, ఆ పత్రికా? ఆవిడా అదే అడిగింది.

హిందూపురం: బిందెలో కృష్ణమ్మ

ఇక మా ఊరు. హిందూపురంలో సంబంధం కుదుర్చుకునే ముందు అల్లుడి జీతంతోపాటు ఇంట్లో బోరుందా అని అడిగే రోజులు చూశాం. వెయ్యి అడుగులు దిగినా తడి తగలని బోర్లు, తగిలినా ఫ్లోరైడు నీళ్ళు. పక్కనే పెన్న ఉంది కదా అంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. ఉంది, ఇసకలా. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి మా ప్రాంతంలోనే ఆంధ్రలో అడుగు పెడుతుంది. పైన చెరువులూ ఆనకట్టలూ నిండితే గదా కిందికొచ్చేది!

దీని మీద ఒప్పందం ఈనాటిది కాదు. 1892లో మద్రాసు ప్రభుత్వానికీ మైసూరు సంస్థానానికీ కుదిరింది. మద్రాసు అంగీకారం లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదని అందులో ఉంది. ఆ నదుల జాబితాలో పెన్న, చిత్రావతి రెండూ ఉన్నాయి. రాష్ట్రాలు మారాయి, పేర్లు మారాయి, పంచాయితీ మారలేదు. రెండు రాష్ట్రాల నదుల తగవు తేల్చేది 1956లో పార్లమెంటు చేసిన చట్టం. అంటే పెన్న గురించి అడగాల్సిన చోటు ఢిల్లీయే.

ఇప్పుడు మా కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయంటే అవి పెన్నవి కావు, కృష్ణవి. ఎక్కడో శ్రీశైలం జలాశయం దగ్గర మల్యాలలో ఎత్తిపోస్తే హంద్రీ-నీవా కాలువ వెంట పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకి చేరి, అక్కణ్ణుంచి పైపుల్లో హిందూపురం వస్తాయి. ఇన్ని వందల కిలోమీటర్లు ఎదురెక్కి వచ్చిన నీళ్ళని చూస్తే అంట్లు కడగడానికి కూడా మనసొప్పదు.

తమాషా ఏమిటంటే, ఈ హంద్రీ-నీవాకి కృష్ణలో ఖాయమైన వాటా లేకుండానే పని మొదలైంది. మిగులు జలాల మీద, అంటే పైవాళ్ళు వాడుకోగా మిగిలినవాటి మీద ఆధారపడి కట్టారు. 2014లో రాష్ట్ర విభజన చట్టంలో పదకొండో షెడ్యూలు అని ఒకటుంది. అందులో హంద్రీ-నీవా పేరు రాశారు, పూర్తి చెయ్యాల్సిన ప్రాజెక్టుల కింద. ఆ చట్టం చేసింది పార్లమెంటే. 2023 అక్టోబరులో ఆంధ్ర, తెలంగాణల మధ్య కృష్ణ నీళ్ళు పంచమని ట్రిబ్యునల్‌కి కొత్తగా పని అప్పగించింది కూడా కేంద్రమే. ఇన్నాళ్ళూ నేను మా బిందెకి పార్లమెంటుతో ఏం సంబంధం అనుకునేదాన్ని!

గొల్లపల్లి నీళ్ళు మాకొక్కరికే కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి కూడా అవే. 2017లో ఒప్పందమై, 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైంది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండలో ఇప్పుడు కొరియా భోజనం దొరుకుతోంది. మా బంధువుల పిల్లలూ అక్కడ పనిచేస్తున్నారు. ఫ్యాక్టరీ రావద్దని నేననను, ఆ జీతంతో పొయ్యి వెలిగే ఇళ్ళు నాకు తెలుసు. కానీ వానలు తప్పిన ఏడు ఆ రిజర్వాయరులో నీళ్ళు ముందు ఎవరికి, ఎంత? ఊరికా, పొలానికా, ఫ్యాక్టరీకా? ఇది ఎవరో ఒకరు గట్టిగా అడిగి, జవాబు కాగితం మీద పెట్టించాలి కదా.

కొండమీద గాలిమరలు

పెనుకొండ నుంచి ధర్మవరం వెళ్ళే దోవలో చెన్నేకొత్తపల్లి వస్తుంది. బస్సు కిటికీలోంచి కొండల మీద తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. పొగ లేదు, మసి లేదు, గాలితో కరెంటు. గ్రీన్ పార్టీల వాళ్ళు చూస్తే చప్పట్లు కొడతారు.

అయితే ఆ కొండల్లో ఒక కథ ఉంది. ముష్టికోవెల చుట్టుపక్కల కొండలు ఒకప్పుడు బోడిగా ఉండేవి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, అక్కడి ఊళ్ళవాళ్ళు కలిసి ఏళ్ళ తరబడి నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కాపాడితే వేల ఎకరాల్లో చెట్టూ గడ్డీ మొలిచాయి. దానికి 'కల్పవల్లి' అని పేరు పెట్టుకున్నారు. వాగుల్లో మళ్ళీ నీళ్ళు నిలిచాయి. గొర్రెలకి మేత, ఆడవాళ్ళకి చీపుళ్ళ గడ్డి, చాపలకీ బుట్టలకీ ఈతాకు... కరువుసీమలో ఇది చిన్న సంగతా?

2010 తర్వాత అక్కడికి గాలిమరలొచ్చాయి. మరలు పైకెక్కాలంటే రోడ్లు కావాలి. రోడ్లంటే కొండలు తొలవాలి, చెట్లు కొట్టాలి. తొలిచిన మట్టి వాగుల్లో పడింది. ఊళ్ళవాళ్ళకి చెప్పుకునే దారి లేదు, ఎందుకంటే రెవెన్యూ రికార్డుల్లో ఆ నేల 'బంజరు'! అడవి అని రాసిలేదు కాబట్టి అడవి చట్టం అడ్డం రాదు. 2006లో కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనాల నోటిఫికేషనులో గాలిమరల ఊసే లేదు కాబట్టి ముందస్తు విచారణా అక్కర్లేదు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

చూశారా, ఇక్కడ గ్రీనుకీ గ్రీనుకీ తగవు! నిజమైన గ్రీన్ సభ్యురాలు ఒకామె మనకుంటే ఎటు నిలబడేది? ఇది తేలిక ప్రశ్న కాదు. కరెంటు కావాలి, అది బొగ్గుది కాకపోతే మరీ మంచిది. అయినా నేననుకోవడం, ఆమె చేయాల్సిన పని ఒకటుంది. ఆ 2006 నోటిఫికేషను 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చింది. ఆ చట్టం 26వ సెక్షను ప్రకారం కేంద్రం చేసే నిబంధనల్ని ఉభయసభల ముందు 30 రోజులు ఉంచాలి. మార్చమని సభ్యులు పట్టుబట్టొచ్చు. మన సభలో వందలమంది ఉన్నారు గానీ, ఆ కాగితాలు తిరగేసే పని తనదే అనుకునే మనిషి వేరే ఉండాలి.

ఈ మధ్య సంగతి ఒకటి చెప్తాను. 2023లో అడవుల పరిరక్షణ చట్టం సవరణ వచ్చింది. పర్యావరణం చూసే స్థాయీసంఘం ఉండగానే బిల్లుని విడిగా ఒక సంయుక్త కమిటీకి పంపారు. జులైలో మణిపూర్ మీద గొడవ జరుగుతుండగా లోక్‌సభలో పెద్దగా చర్చ లేకుండానే పాసయింది. బంజరు అని రాసున్న అడవుల భవిష్యత్తు మీద ఆ బిల్లు ప్రభావం ఎంతో మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు? ఆ వారమంతా టీవీల్లో టమాటా ధర గురించే. (టమాటా ధరా చిన్నది కాదనుకోండి. కిలో వంద దాటింది.)

ధర్మవరం: రంగునీళ్ళ వెనక జర్మనీ

ధర్మవరంలో దిగితే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు మరమగ్గాల రొద కూడా కలిసింది. పెళ్ళిచీర కొనడానికి వెళ్ళేవాళ్ళు షాపు నుంచి షాపుకి వెళ్తారు, అద్దకం చేసే వీధి వైపు వెళ్ళరు. నేను వెళ్ళాను.

పట్టుదారానికి ఉండే జిగురు పోవడానికి ముందు సబ్బు, సోడా వేసి ఉడికిస్తారు. తర్వాత రంగు కాగులో ముంచి తిప్పుతారు. ముంచినప్పుడల్లా, జాడించినప్పుడల్లా నీళ్ళు బయటికి పోవాలి. వీధిలో కాలువ చూస్తే ఇవాళ ఏ రంగు ఆర్డరు మీద పని జరుగుతోందో చెప్పెయ్యొచ్చు.

ఒకింట్లో ఆవిడ కండెలు చుడుతోంది. భర్త కాగు దగ్గర ఉన్నాడు. "మా ఆయన చేతులు చూడు తల్లీ! పెళ్ళయినప్పటి నుంచీ నేనా చేతుల అసలు రంగు చూడలా" అంది. అందరం నవ్వాం. నవ్వు అయ్యాక అతను చేతులు లుంగీకి తుడుచుకున్నాడు గానీ రంగు పోలేదు.

ఆ రంగుల దగ్గరే మళ్ళీ జర్మనీ వచ్చింది. అజో రంగులని ఉన్నాయి. చవక, బాగా పట్టుకుంటాయి. వాటిలో కొన్ని విడిపోయి క్యాన్సరు కలిగించే పదార్థాలుగా మారతాయి. 1994లో జర్మనీ అలాంటి రంగులు వాడిన బట్టల్ని నిషేధించింది. మన బట్టలకి ఆ దేశం పెద్ద బజారు. దాంతో ఇక్కడ కదలిక వచ్చింది. 1997 మార్చిలో మన పర్యావరణ మంత్రిత్వశాఖ 70 అజో రంగుల్ని నిషేధించింది. అంతకుముందు బెంజిడిన్ రంగుల మీద పెట్టిన నిషేధంతో కలిపి మొత్తం 112 రంగులయ్యాయి.

జర్మనీలో ఆ నిషేధం తెచ్చినప్పుడూ గ్రీన్ పార్టీ ప్రభుత్వంలో లేదు. కానీ అప్పటికి పదేళ్ళుగా ఆ పార్లమెంటులో "మన ఒంటికి తగిలే వస్తువులో ఏం కలుస్తోంది" అన్న ప్రశ్న అలవాటైపోయింది. కట్టుకునే జర్మనీ ఆడవాళ్ళ ఒంటి గురించి వాళ్ళ సభ ఆలోచించింది సరే. అద్దే ధర్మవరం చేతుల గురించి మన సభ దానంతటది ముందే ఆలోచించి ఉండాల్సింది కదా! ఈ సంగతి నన్ను బస్సెక్కేదాకా తొలుస్తూనే ఉంది.

"చట్టాలు గట్టిగా ఉండాలి" అన్నాను నేను ఆ ఇంట్లో, చదువుకున్న మనిషిని కదా!

ఆవిడ కండె ఆపింది. "గట్టి చట్టం వస్తే ఫస్టు మా కాగు బోర్లించేసి పోతారు తల్లీ. పెద్ద ఫ్యాక్టరీ జోలికి ఎవురు పోతారు? నీళ్ళు శుభ్రం చేసే మిషను పెట్టాలంటే మా యాడిదా డబ్బు?"

నిజమే. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు నీటి కాలుష్య చట్టాన్ని సవరించింది. చాలా తప్పులకి జైలుశిక్ష తీసేసి 10,000 నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. (రాష్ట్రాలు తీర్మానం చేసుకుంటే ఆ రాష్ట్రంలో వర్తిస్తుంది.) కాగు పెట్టుకుని బతికేవాడికి పదివేలంటే ఒక నెల తిండి. కోట్ల ఫ్యాక్టరీకి పదిహేను లక్షలంటే కాఫీ ఖర్చు. ఈ తేడా సభలో ఎత్తి చూపి, చిన్న అద్దకాలవాళ్ళందరికీ కలిపి ప్రభుత్వం ఖర్చుతో శుద్ధికేంద్రం కట్టాలని అడిగేవాళ్ళు కావాలి. చెట్ల గురించి మాత్రమే మాట్లాడి, కాగు దగ్గరి మనిషిని మర్చిపోయే గ్రీన్ పార్టీ అయితే మనకొద్దు. ధర్మవరంలో దానికి ఓట్లూ పడవు.

మరి మన సభలో ఎందుకు లేరు?

మనవాళ్ళకి పర్యావరణం పట్టదు కాబట్టి అనుకుంటే పొరపాటు. ఓట్లు లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది చిక్కు. న్యూజిలాండ్‌లో 'వాల్యూస్ పార్టీ' అని 1972లోనే పుట్టింది. దేశం మొత్తం మీద పోటీ చేసిన మొదటి పర్యావరణ పార్టీ అదే అంటారు. 1975లో 5.2 శాతం ఓట్లొచ్చినా ఒక్క సీటూ రాలేదు. అప్పుడు అక్కడా మనలాగే, నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళే గెలిచే పద్ధతి. 1996 నుంచి పార్టీకొచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే పద్ధతి పెట్టారు. 1999లో గ్రీన్ పార్టీకి సుమారు అంతే ఓట్లు, 5.16 శాతం వచ్చాయి. సీట్లు ఏడు! వాల్యూస్ పార్టీలో పనిచేసిన జెనెట్ ఫిట్జ్‌సైమన్స్ ఆ ఏడుగురిలో ఒకరు. ఇన్నేళ్ళు ఓపిక పట్టిన ఆవిడకి దణ్ణం పెట్టాలి. బ్రిటన్‌లో ఇప్పటికీ మన పద్ధతే. 2015లో గ్రీన్ పార్టీకి 11 లక్షల పైచిలుకు ఓట్లొచ్చి సీటు మాత్రం ఒక్కటి. 2024లో నాలుగయ్యాయి.

మన తెలుగునాట 1996లో నల్గొండలో జరిగింది గుర్తుందా? లోక్‌సభ ఎన్నికకి 480 మంది నిలబడ్డారు! దుశ్చర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి పిలుపు మీద, ఫ్లోరైడు నీళ్ళతో కాళ్ళు వంకర్లు పోతున్న జిల్లా గోడు దేశానికి వినిపించాలని వందలమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది. దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. గెలిచింది సీపీఐ నాయకుడు ధర్మభిక్షంగారు. కానీ ఫ్లోరైడు అన్న మాట దేశమంతా మోగింది.

అదే ఏడు పార్లమెంటు ఏం చేసిందో తెలుసా? లోక్‌సభకి పోటీ చేయడానికి కట్టే డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కి పెంచింది. నల్గొండ ఒక్కటే కారణం కాదు. తమిళనాడులో మొదకురిచ్చి అసెంబ్లీకి వెయ్యిమందికి పైగా, కర్ణాటకలో బెళగావి లోక్‌సభకి వందలమంది నిలబడ్డారు ఆ ఏడే. ఎన్నికలు జరపడం కష్టమే, ఒప్పుకుంటాను. అయినా దాహమని అరిచినవాడికి నీళ్ళ కంటే ముందు టిక్కెట్టు రేటు పెరిగింది. ఇప్పుడా డిపాజిట్టు 25,000. ఎస్సీ, ఎస్టీలకి అందులో సగం.

పార్టీ లేకపోయినా ఒక్కోసారి మనిషి ఉంటాడు. ఆంధ్రప్రదేశ్ నుంచి 2004లోనూ, 2010లోనూ రాజ్యసభకెళ్ళిన జైరాం రమేశ్ గారు కాంగ్రెస్ మనిషి. ఆయన పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు బీటీ వంకాయ వచ్చింది. సంతకం పెట్టేసే ముందు హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగసభలు పెట్టి రైతుల్ని, శాస్త్రవేత్తల్ని, వంటింటివాళ్ళని అడిగారు. 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. ఆపడం మంచిదా కాదా అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు నచ్చింది, గుత్తొంకాయ వండేవాళ్ళని ఒక మంత్రి అడగడం.

మా నియోజకవర్గానికీ చరిత్ర లేకపోలేదు. 1967లో ఇక్కణ్ణుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డిగారు లోక్‌సభ స్పీకరయ్యారు. 1957 నుంచి ఈ సీటులో గెలిచినవాళ్ళంతా మగవాళ్ళే. 2024లో బళ్ళారి మాజీ ఎంపీ జె. శాంతగారు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నిలబడి, తెలుగుదేశం అభ్యర్థి బి.కె. పార్థసారథిగారి మీద ఓడిపోయారు. 2023లో మహిళలకి మూడో వంతు సీట్ల చట్టమైతే చేశారు గానీ, జనగణనా నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకే అమలని అందులోనే రాశారు.

అందాకా ఉన్న ఎంపీ చేతే అడిగించుకోవాలి. ప్రైవేటు సభ్యుల బిల్లులంటే శుక్రవారం మధ్యాహ్నాల్లో వస్తాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా అలా చట్టమైనవి 14, చివరిది 1970లో. ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు. ప్రశ్న మాత్రం చేతిలో పని. ఒక రోజు లోక్‌సభలో నోటిజవాబు చెప్పాల్సినవి 20, రాతజవాబు ఇవ్వాల్సినవి 230 దాకా తీసుకుంటారు. పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. మన ఎంపీ ఏమడిగాడో, మంత్రి ఏం చెప్పాడో ఫోన్లోనే చూసుకోవచ్చు.

అందుకని మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం కూర్చుని, మా ఎంపీగారికి పంపడానికి ప్రశ్న రాస్తున్నాం. గొల్లపల్లి నీళ్ళు వానలు తప్పిన ఏడు ఎవరికెంత? గాలిమరలకి ముందస్తు విచారణ ఎందుకు లేదు? ధర్మవరం అద్దకాల నీటికి ఉమ్మడి శుద్ధికేంద్రం కోసం కేంద్రం ఎంత ఇస్తుంది? మూడూ మూడు మంత్రిత్వశాఖలవి, మూడు ప్రశ్నలుగా విడగొట్టాలంది మాలో బి.ఎల్. చదివిన అమ్మాయి. సరేనని మొదట నీళ్ళ ప్రశ్న పట్టుకున్నాం.

అంతా వింటూ కూర్చున్న పెద్దమ్మ ఒకావిడ, డెబ్భై ఏళ్ళు దాటినావిడ, "నేను కాపరానికొచ్చిన కొత్తలో పెన్నలో బట్టలుతికేవాళ్ళం. అది ఎప్పుడాగిపోయిందో, ఎవురాపినారో, అది కూడా అడగండమ్మా" అంది.

రాశాం. లెక్కపెడితే 162 మాటలయ్యాయి. పెద్దమ్మ మాటల్లో ఒక్కటీ తీయకుండా, పన్నెండు తగ్గించాలి.